వాపసు చేసిన కూలర్ పంపు

ఆపా పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు వచ్చినవాళ్ళలో ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకోని మనిషి లేడు. ఆడవాళ్ళు దుపట్టా కొంగులు, మగవాళ్ళు దస్తీలు. ఒక ముసలమ్మ కోసం ఇంతమంది ఇట్లా ఏడవడం ఈ కరీంనగర్‌లో నేను ఎన్నడూ చూడలేదు. లోపల కూర్చోలేక, బగారా అన్నం పళ్ళాలు చేత పట్టుకుని గల్లీలో షామియానా కిందికి వెళ్ళిపోయారు. అంత దుఃఖం చూస్తే నాకూ ఏడుపు రావాలి. రాలేదు. పెద్దగదిలో కూలర్ ముందు ఒక్కణ్నే కూర్చుని, రెండోసారి దాల్చా పోయించుకున్నాను.

పై మాటల్లో ఒక అబద్ధం ఉంది. నాకు పాత అలవాటు, ఉన్నదాన్ని కొంచెం ఉబ్బించి చెప్తాను, కాసేపాగి గాలి తీసేస్తాను. అదేమిటో చివర్లో చెప్తాను. ముందు ఆపా సంగతి.

ఆపా నా ఇంటి ఓనరు. వాళ్ళ భాషలో ఆపా అంటే అక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, నేనూ అట్లాగే పిలిచాను. అసలు పేరు రాయను. గేటుకు అల్యూమినియం రేకు మీద పేరు చెక్కి పెడతానని నేనే ఒకసారి అడిగితే, "పేరు సదివి లోపలికొచ్చేటోళ్ళు ఎవరున్నరు?" అని వద్దన్న మనిషి. ఇప్పుడు నేను చెక్కితే బాగుండదు.

ఆమె భర్త తోళ్ళ వ్యాపారి. హుస్నాబాద్ సంత నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ మేక తోళ్ళు, గొర్రె తోళ్ళు తెప్పించి, ఇంటి వెనక గదుల్లో ఉప్పు చల్లి నిల్వ పెట్టేవాడట. ఆయన పోయి, వ్యాపారం మూతపడి చాలా ఏళ్ళయింది. గోడల్లో దిగిన ఉప్పు మాత్రం పోలేదు. ఎన్నిసార్లు సున్నం వేసినా తెల్లగా పొడి రాలుతూనే ఉండేది. ఆపా లెక్కలో వాసన కూడా పోలేదు. పెళ్ళిళ్ళకు పోతే వాకిలి పక్కన కుర్చీలోనే కూర్చునేది. లోపలికి రమ్మని ఎవరు పిలిచినా "ఈడ గాలొస్తది" అనేది. ఆ వాసన ఉన్న రోజుల్లో వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు నిలబడే మాట్లాడి వెళ్ళేవాళ్ళట. చాయ్ కూడా నిలబడే తాగేవాళ్ళట.

బయటికి వెళ్ళేముందు ఆమెకు ఒక పద్ధతి ఉంది. బురఖా దండెం మీంచి తీసి కూతురి చేతికిచ్చి "జర చూడు" అనేది. కూతురు పీల్చి "సాఫ్" అంటేనే తొడుక్కునేది. కూతురు మంచిర్యాలకు కాపురానికి వెళ్ళాక ఆ పని నాకు పడింది. నేను గంభీరంగా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "సాఫ్, ఆపా" అనేవాణ్ని.

నేను బస్సు డిపోలో ఇంజనీరుగా రిటైరయ్యాను. అంటే, ఇంజనీర్లు చీటీ రాస్తే నట్లూ బేరింగులూ తీసి ఇచ్చే స్టోరులో. ఆపాకు మొదటి రోజే ఆ సంగతి తెలిసింది. తెలిసే, జీవితాంతం నన్ను "ఇంజనీర్ సాబ్" అని పిలిచింది. వెనక రెండు గదులూ నేనే కిరాయికి తీసుకున్నాను. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో నా మిషన్. కంప్యూటర్ చెప్పిన దారిలో లోహాన్ని తొలిచే మిల్లింగ్ మిషన్ అది, సీఎన్‌సీ అంటారు. గదంత మిషన్ అని డిపో దోస్తులకు చెప్పుకున్నాను. పిల్లలు చదువుకునే బల్ల మీద పడుతుంది.

గది తాళం ఇచ్చిన రోజు ఆపా చెప్పిన షరతు ఒకటే. "చప్పుడు చేసుకో, నాకేం ఫికర్ లేదు. వాసనొచ్చిందంటే మాత్రం నీ మిషన్ రోడ్డు మీదుంటది. దాని పక్కకు నువ్వుంటవ్."

స్టీలు సామాను దుకాణాలకు మురుకుల గొట్టంలో వేసే బిళ్ళలు, సేమ్యాల బిళ్ళలు చేసి ఇవ్వాలని నా ఆలోచన. మురుకుల బిళ్ళ తేలిక. సేమ్యాల బిళ్ళకు సూదిమొన లాంటి రంధ్రాలు కావాలి. అల్యూమినియం వేడెక్కితే మెత్తబడి డ్రిల్లుకు అంటుకుంటుంది, డ్రిల్లు పుటుక్కున విరుగుతుంది. కోసేచోట చల్లగా ఏదో ఒకటి పడుతూ ఉండాలి.

డిపో దోస్తులు కిరసనాయిలు చుక్కలు వేయమన్నారు. ఎక్కడో సీసాడు సంపాదించి బ్రష్షుతో రాశాను. అర్ధగంట కాలేదు, ఆపా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె. "ఇల్లు తగలబెట్టుడే అయితే తొందరగ కానియ్యి, నాకు వంటుంది" అని దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత కంప్రెసర్ పెట్టి ఉత్త గాలి కొట్టించాను. గాలికి వాసన లేదు గాని, అల్యూమినియం పొట్టు కిటికీలోంచి ఎగిరి వాకిట్లో ఆరబోసిన మిరపకాయల్లో పడింది. ఆపా రెండు రోజులు పళ్ళెం ముందు కూర్చుని మిరపకాయల్లోంచి వెండి ఏరింది. ఏరిన పొట్టు కాగితంలో పొట్లం కట్టి, "నీ సొమ్ము" అని నా చేతికిచ్చింది.

ఇక మిగిలింది ఫ్యాక్టరీల పద్ధతి. మిషన్ కింద తొట్టి, తొట్టిలో పంపు, డ్రిల్లు మీద ఆగకుండా నీళ్ళు పడాలి, పడిన నీళ్ళు ట్రేలోంచి మళ్ళీ తొట్టిలోకే దిగాలి. ఉత్త నీళ్ళయితే ఇనుము తుప్పు పడుతుంది, గోడల్లో అంత ఉప్పు పెట్టుకుని చెప్పక్కర్లేదు. కనుక నీళ్ళలో కలిసే కూలెంట్ ఆయిల్ వేయాలి, అది కలిస్తే నీళ్ళు పాలలా తెల్లగా అవుతాయి. ఆయిల్ అన్న మాట వినగానే ఆపా, తాను చూడకుండా చుక్క కూడా ఇంట్లోకి రాదంది.

ఆటోలో ఇద్దరం వెళ్ళాం. ఆపా ఆ దుకాణంలో ఇరవై డబ్బాల మూతలు తీయించింది. నాలుగు. దుకాణమతను ఇరవై తీసినంత ముఖం పెట్టాడు. మొదటిది పీల్చి "గిది మయ్యత్ మీద కొట్టే సెంటు" అంది, అంటే శవం మీద. రెండోది దవాఖాన. మూడోదానికి టక్కున మూత పెట్టేసింది. ఆమె పీల్చిన ప్రతి డబ్బానూ ఆమె వెనకే నేనూ పీల్చి, తెలిసినవాడిలాగా తల ఊపాను. నాలుగోదాని మీద ఆమె చాలాసేపు ఉంది.

"గిది కొత్త గొడుగు."

"తీసుకుందామా ఆపా?"

"గొడుగు ఇంట్లుంటే ఎవరేమంటరు? తీస్కో."

తుప్పుకు పనిచేస్తుందా, ఎన్ని నీళ్ళకు ఎంత కలపాలి అన్నవి నేను తర్వాత అడిగాను. నా మిషన్‌కు కూలెంట్ అట్లా కుదిరింది.

పంపు కూడా ఆపాదే. ఆమె పెద్దగది కిటికీకి రేకు కూలర్ ఒకటి బిగించి ఉంది. దాని వీపు వెనక వాకిలి వైపు, సరిగ్గా నా మిషన్ గది తలుపుకు ఎదురుగా ఉంటుంది. అప్పుడు వానలు పడుతున్నాయి. "కూలర్ల పంపు ఉత్తగనే పడున్నది, తీస్కపో. ఎండలు ముదిరేలోపు నా పంపు నా కూలర్ల ఉండాలె" అంది. మాట ఇచ్చాను.

ప్లాస్టిక్ టబ్బు తొట్టి అయింది. ట్రేకు ఒక మూల రంధ్రం చేసి పైపు దించాను. ఆ పైపు కింద పొట్టు పట్టడానికి ఆపా చాయ్ జాలీ వచ్చింది. డ్రిల్లు దగ్గరికి సన్నని గొట్టం బిగించి, చూడ్డానికి ఆమెను పిలిచి, గడప అవతల ఇనుప కుర్చీ వేశాను. స్విచ్చి వేయగానే తెల్లని నీళ్ళు కప్పుదాకా లేచాయి. కప్పుదాకా కాదు, గోడ గడియారందాకా. దారిలో ఆపా ఉంది. కూలర్ గడ్డి తడపడానికి పుట్టిన పంపు అది, సన్న గొట్టంలో పెడితే దాని జోరు తగ్గించే కుళాయి ఒకటి మధ్యలో ఉండాలని నాకు తోచలేదు. ఆపా కళ్ళు తుడుచుకుని, చేతి మీది తెల్లని తడి చూసి, పీల్చి, "గొడుగే" అంది. తర్వాత, "ఒక్కదినమన్న పాలతోని తానం చేయించినవ్ బేగంకు" అని లేచి వెళ్ళి బట్టలు మార్చుకుంది.

కుళాయి పెట్టాక అంతా కుదిరింది. డ్రిల్లులు విరగడం ఆగింది. కాని ఈ తెల్లనీళ్ళకు ఒక జబ్బు ఉంది. మిషన్‌కు పూసే గ్రీజు కారి నీళ్ళ మీద మీగడలా తెట్టు కడుతుంది. దాని కింద గాలి ఆడక నీళ్ళు కుళ్ళుతాయి. రెండు రోజులు కదలకుండా ఉంచితే వాసన మొదలవుతుందట. మొబైల్‌లో ఎవరో చూపిస్తే, చేపల తొట్టిలో బుడగలు తెప్పించే చిన్న మిషన్ తెచ్చి టబ్బులో వేశాను. పగలూ రాత్రీ బుడబుడమంటూ ఉండేది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆపా వచ్చేది. గడప దాటేది కాదు. కొంగు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, రెండు పొట్టి ఊపిర్లు, ఒక పొడుగు ఊపిరి. "సాఫ్" అనేది. లేకపోతే "నీళ్ళు మార్చు" అనేది. వెళ్ళేముందు బుడగల వైపు చూసి రోజూ ఒకే మాట అడిగేది: "చేపలేవి, ఇంజనీర్ సాబ్?" నేను రోజూ ఒక జవాబు చెప్పేవాణ్ని. మానేరు డ్యాంలో ఈత నేర్చుకోను పోయినయ్, సాయంత్రం వస్తయ్. ఉట్నూర్‌ల పెండ్లికి పోయినయ్, జీపు దొరకలే. ఆమె నవ్వేది కాదు. తల ఊపి వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ అడిగేది.

ఒకరోజు నేను కిటికీ పక్కన బిళ్ళ మందం కొలుస్తున్నాను. వెనకనుంచి ఆపా గడప దాటి లోపలికి వచ్చింది. దాటడం అదే మొదలు. నా పక్కనుంచి వెళ్ళి స్టవ్వు ఆపింది. చాయ్‌కి పెట్టిన పాలు ఇగిరి, మాడి, గిన్నె బొగ్గయి, పొగ లేస్తోంది. నేను దానికి వీపు తిప్పి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను.

"ముక్కు పోయిందా నీది?"

"జలుబు, ఆపా."

"ఎప్పటి జలుబు?"

కరోనా జ్వరం నాటిదని చెప్పాను. ఆ జ్వరం వచ్చిపోయినప్పుడు వాసన కూడా పోయింది. కొన్నాళ్ళకు వస్తుందన్నారు. రాలేదు. మల్లెపూలూ మురికికాలువా నాకు ఒకటే. దాని వెంబడే ఇంకేదో కూడా పోయినట్టుంది. అన్నం తింటే తిన్నట్టు, మనుషులు పోతే పోయినట్టు. ఈ ముక్క ఆపాకు చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను.

ఆమె మాడిన గిన్నెను పట్టకారుతో పట్టుకుని నా వైపు తిరిగింది.

"అయితే గిన్ని దినాలు నా బురఖా సాఫ్ అన్నది?"

"సాఫే ఉండె, ఆపా."

"నీకెట్ల ఎర్క?"

తిడుతుందనుకున్నాను. ఆమె గిన్నె తీసుకెళ్ళి వాకిట్లో పెట్టి వచ్చి, గడప అవతల నిలబడి అంది: "తోళ్ళున్నప్పుడు నువ్వుంటే మంచిగుండెటిది. ఒక్క మనిషన్న లోపల కూసుండెటోడు."

దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. పొద్దుటి రాక మాత్రం మారింది. అంతకుముందు ఓనరు షరతు చూసుకోవడానికి వచ్చేది. ఇప్పుడు నా బదులు పీల్చి చెప్పడానికి వచ్చేది. సందేహం ఉన్న రోజు మూడు ఊపిర్లతో సరిపెట్టక, గడప దాటి టబ్బు మీదికి వంగి చూసేది. ఇంకొకటి. ఊరికి పోయేముందు బురఖా తెచ్చి నా చేతికివ్వడం మానలేదు. "జర చూడు" అనేది. నేను కళ్ళు మూసుకుని పీల్చి "సాఫ్" అనేవాణ్ని. తొడుక్కుని వెళ్ళేది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆమె గడప దగ్గరికి రాలేదు. నేను మిషన్ నడుపుతున్నాను. పక్కింటామె వచ్చి, ఆపా నిద్రలోనే పోయిందని చెప్పింది. బిళ్ళలో ఇంకా కొన్ని రంధ్రాలు మిగిలి ఉన్నాయి. అవి పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి చూశాను, తర్వాత వెళ్ళాను. ఎందుకట్లా చేశానో నాకు తెలియదు.

మంచిర్యాల నుంచి కూతురు వచ్చింది, అన్నీ జరిగాయి. గదికి తిరిగి వచ్చాక బుడగల చప్పుడు వినిపించింది. చావు జరిగిన ఇంట్లో ఆ బుడబుడ బాగుండలేదు, ఆపేశాను. మిషన్ మీద దుప్పటి కప్పాను. నలభయ్యో రోజు ఫాతెహా ఉంటుందన్నారు. అయితే నలభై రోజులూ మిషన్ ముట్టకూడదని నా అంతట నేనే అనుకుని, తలుపు తాళం వేశాను. ఆపా కోసం నేను చేసింది అదొక్కటే, నాకు అది పెద్ద పనిగానే తోచింది. గల్లీలో ఒకరిద్దరికి చెప్పుకున్నాను కూడా.

నలభయ్యో రోజుకు ఎండలు ముదిరాయి. పొద్దున్నే పంపు మాట గుర్తొచ్చింది. పెద్దగది నిండా మనుషులుంటారు, కూలర్ నడవాలి. తాళం తీసి, టబ్బులో చెయ్యి పెట్టి, అడుగుదాకా నీళ్ళు కలిపి కలిపి, దిగబడిన పంపును బయటికి లాగాను. గుడ్డతో మెరిసేటట్టు తుడిచాను. ఆపా కూలర్‌లో పెట్టి, నీళ్ళు పోసి, స్విచ్చి వేశాను. గడ్డి తడిసింది, గాలి చల్లగా వచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని తృప్తిగా పోయి పెద్దగదిలో కూలర్ ఎదురుగా కూర్చున్నాను. నా గది తలుపు మూయడం మరిచిపోయాను.

మిగతాది మీకు ముందే చెప్పాను, దస్తీలు, దుపట్టాలు, గల్లీలో అన్నాలు. ఇప్పుడు ఆ అబద్ధం. ఎవరూ ఏడవలేదు. ఆ రోజు నేను నిజంగానే ఏడుస్తున్నారనుకున్నాను, తెలిశాక కూడా మీకు అట్లాగే రాశాను.

జనం వెళ్ళిపోయాక ఆపా కూతురు నా ఎదురుగా వచ్చి నిలబడింది. నన్ను మామూ అంటుంది. దుపట్టా ఇంకా ముక్కు మీదే ఉంది.

"మామూ, మీ గదిల ఏమన్న సచ్చిందా?"

అర్థం కాలేదన్నాను. ఆమె వెళ్ళి కూలర్ ఆపింది. నలభై రోజులు బుడగలు ఆగి, గాలి ఆడక నీళ్ళు కుళ్ళిన టబ్బు, దాన్ని నేను అడుగుదాకా కలపడం, తెరిచి ఉంచిన తలుపు, ఆ తలుపుకు ఎదురుగా కూలర్ వీపు, ఆ నీళ్ళే తాగిన పంపు. కూలర్ ఆ గాలినంతా లాగి లాగి, తడిపి, పెద్దగదిలోకి కొట్టింది.

"ఎవ్వరన్న అంటే మంచిగుండెటిది" అన్నాను.

"ఎట్లంటరు? తోళ్ళ వాసన మల్లొచ్చిందనుకున్నరు. నా మేనత్త ఏమన్నదో ఎర్కనా? గోడలల్ల ఉన్నది యాడికి పోతది, ఆమె ఉన్నన్ని దినాలు కడిగింది, ఇగ ఎవరు కడుగుతరు, అన్నది."

ఆపా బతుకంతా కడిగిన వాసనను ఆమె ఫాతెహా నాడు ఆమె ఇంట్లోకి పంపింది నేను. లోపల కూర్చుని తిన్నది కూడా నేనొక్కణ్నే.

నాకు వాసన రాదని అప్పుడు చెప్పాను. మీ అమ్మికి తెలుసని, రోజూ గడప దగ్గరికి వచ్చేది అందుకేనని చెప్పాను. నలభై రోజులు మిషన్ ఎందుకు ఆపానో కూడా చెప్పాను.

"మాకు దుఃఖం పాటించుడు మూడు దినాలే, మామూ. నలభై దినాలు బంద్ పెట్టుమని మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే బిడ్డా. మిషన్ రోడ్డు మీద పెడుతా. మీ అమ్మి షరతు అదే."

ఆమె చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుంది. ఇద్దరం కలిసి టబ్బు ఖాళీ చేశాం. కుళ్ళిన నీళ్ళు డ్రమ్ములోకి ఎత్తి మూత బిగించాం. కూలర్ గడ్డి కొత్తది వేశాం. పంపు విప్పి, కడిగి, మళ్ళీ కడిగి, ఎండలో పెట్టాం. అది ఇప్పుడు ఆపా కూలర్‌లోనే ఉంది. మిషన్‌కు వేరేది కొన్నాను. టబ్బు తోముతూ ఆ పిల్ల బుడగల మిషన్ చేతికి తీసుకుని, ఇదెందుకు, చేపలు పెంచుతున్నారా అని అడిగింది. లేదన్నాను. వేరే జవాబేదీ తోచలేదు.

రెండు రోజులకు ఆమె మంచిర్యాలకు బయల్దేరింది. నేను కొత్త నీళ్ళు, కొత్త గొడుగు డబ్బాలోని ఆయిల్ కలిపి, బుడగలు వేసి, మిషన్ ముందు నిలబడి ఉన్నాను. చెప్పి పోదామని సంచి పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంకేసి చూస్తున్నాను.

"ఏంది మామూ?"

"జర చూడు."

ఆమె సంచి కింద పెట్టింది. వాళ్ళమ్మలాగా కాదు, ఒకటే ఊపిరి పీల్చింది.

"ఏం వస్తలేదు."

"నాకు కూడా" అన్నాను.